“వీడియో రావట్లేదు మేడమ్” అంటే అబద్ధమేనా?



పేరెంట్స్ మీటింగ్ రోజు నా టేబుల్ దగ్గరకు వచ్చే ఫిర్యాదుల్లో మార్కుల తర్వాత స్థానం వీడియోలదే. “మేడమ్, యాప్‌లో మావాడికి నలభై శాతమే చూపిస్తోంది. ఏటిరా అంటే వీడియో రావట్లేదంటాడు. ఫోన్ మాత్రం రాత్రి పదింటిదాకా వాడి చేతిలోనే ఉంటుంది.” ఇంచుమించు ఇవే మాటలు. ఈ మాటలు చెబుతూ నాన్నగారు ఒకసారి పిల్లవాడి వైపు చూస్తారు. వాడు నేల చూస్తుంటాడు.

ఆ నలభై శాతం గురించి, నేల చూసే ఆ పిల్లవాడి గురించి ఈ నెల రాయాలనిపించింది. నేను కృష్ణదేవిపేట నుంచి వస్తాను. మన బస్సులో గొలుగొండ, కృష్ణదేవిపేట వైపు నుంచి వచ్చే పిల్లలు సాయంత్రం ఇంటికి చేరాక వాళ్ల ఫోన్లలో సిగ్నల్ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. నర్సీపట్నం టౌన్లో ఉన్న ఇంటికీ, కొండ వారగా ఉన్న ఇంటికీ ఒకే వీడియో ఒకేలా రాదు. అయినా యాప్‌లో అందరికీ ఒకటే శాతం లెక్క.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వీడియో ఎంత శాతం ఆడిందన్న అంకెతో పిల్లల శ్రద్ధను కొలవకూడదు. వీడియో రాలేదని పిల్లలు చెబితే ముందు నమ్మి, ఆ తర్వాత ఎక్కడ ఆగిందో వాళ్లతోనే కనిపెట్టించాలి. కనిపెట్టడం మీరు అనుకున్నంత కష్టం కాదు. సాకు చెబుతున్న పిల్లలు కూడా అక్కడే తెలిసిపోతారు. ఎందుకంటే సాకుకి ఆనవాలు ఉండదు, నిజంగా ఆగిన వీడియోకి ఉంటుంది.

ఫోన్‌లో వీడియో ఎలా వస్తుందో పెళ్లి పంక్తితో పోల్చి చెబుతాను. మొత్తం భోజనం ఒకేసారి విస్తట్లో పెట్టరు కదా. కొంచెం కొంచెంగా వడ్డిస్తూ ఉంటారు, మనం తింటూ ఉంటాం. నెట్ మీద వచ్చే వీడియో కూడా అంతే. దాన్ని కొన్ని సెకన్ల చిన్నచిన్న ముక్కలుగా కోసి ఒకదాని తర్వాత ఒకటి పంపిస్తారు. ఫోన్ ఒక ముక్కను చూపిస్తూనే తర్వాతి ముక్కల్ని ముందుగా తెచ్చిపెట్టుకుంటుంది. ఇలా ముందుగా తెచ్చుకున్న దాన్నే బఫర్ అంటారు. విస్తట్లో అన్నం ఉన్నంతసేపూ వడ్డించేవాళ్లు కాస్త ఆలస్యమైనా మనకు తెలియదు. విస్తరి ఖాళీ అయ్యాక కూడా వాళ్లు రాకపోతే చెయ్యి కడుక్కోలేక, తినలేక కూర్చుంటాం. తెర మీద గుండ్రంగా తిరిగేది ఆ కూర్చోవడమే.

కాబట్టి వీడియో ఆగిందంటే మూడు చోట్ల చూడాలి. తినేవాడి దగ్గర, అంటే ఫోన్‌లో. వడ్డించేవాడి దగ్గర, అంటే నెట్‌లో. లేదా వంటింట్లో, అంటే వీడియో పెట్టిన మా దగ్గర లేదా యాప్‌లో.

ఏది అన్నది తేల్చడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. యూట్యూబ్ వీడియో కింద ఎర్రగా ఒక గీత కదులుతూ ఉంటుంది. చూసింది ఎంతవరకో అది చెబుతుంది. దానికి ముందు లేత బూడిద రంగులో ఇంకో గీత ఉంటుంది. ఫోన్ తెచ్చిపెట్టుకున్నది ఎంతవరకో అది చెబుతుంది. బొమ్మ ఆగినప్పుడు ఆ రెండు గీతలూ చూడండి. ఎర్ర గీత వెళ్లి బూడిద గీత చివరను తాకి ఆగిపోతే విస్తరి ఖాళీ అన్నమాట, తప్పు నెట్‌ది. బూడిద గీత చాలా ముందుకు వెళ్లి ఉన్నా బొమ్మ కదలకపోతే విస్తరి నిండుగా ఉన్నట్టు. అంటే ఫోనే తినలేకపోతోంది. అసలు గీతలే మొదలుకాకుండా నల్లటి తెర మీద ఏదో ఇంగ్లిష్ వాక్యం కనిపిస్తే వంటింటి వైపు చూడాలి.

“మాకు చదువు రాదు మేడమ్, ఫోన్ సంగతులు మాకేం తెలుస్తాయి” అనే అమ్మలకు ప్రత్యేకంగా చెబుతున్నాను. గీత చూడటానికి చదువు అక్కర్లేదు. పాలు పొంగుతున్నాయో లేదో చూసినట్టే.

నెట్ సంగతి ముందు చూద్దాం, ఎక్కువ ఇళ్లలో అసలు కారణం అదే కాబట్టి. “సిగ్నల్ ఫుల్లుగా ఉంది, అయినా రావట్లేదు” అంటారు. ఫోన్ పైన కనిపించే గీతలు టవర్ మన ఫోన్‌కి ఎంత బాగా అందుతోందో మాత్రమే చెబుతాయి. ఆ టవర్‌ని ఎంతమంది పంచుకుంటున్నారో చెప్పవు. నర్సీపట్నం కాంప్లెక్స్‌లో మనూరి బస్సు కనిపించడం వేరు, అందులో సీటు దొరకడం వేరు. రాత్రి ఏడు నుంచి పది దాకా ఊరంతా సీరియళ్లు, క్రికెట్, రీల్స్ చూస్తున్నప్పుడు మన పిల్లవాడి సైన్స్ పాఠం ఆ బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ రావాల్సిందే. అదే వీడియో తెల్లవారుజామున ఐదింటికి పెట్టి చూడండి. చాలాసార్లు ఒక్కసారి కూడా ఆగదు.

కొండల సంగతి కూడా ఉంది. టవర్‌కీ ఫోన్‌కీ మధ్య కొండ అడ్డొస్తే సిగ్నల్ పలచబడుతుంది. మనకు పైనున్న ఏజెన్సీలో పరిస్థితి చాలాకాలం ఇంకా కష్టంగా ఉండేది. 2023 జూన్‌లో రాష్ట్రంలోని గిరిజన ప్రాంతాల్లో ఒకేసారి 100 4జీ టవర్లు ప్రారంభించారు. వాటిలో ఎక్కువ భాగం అల్లూరి సీతారామరాజు జిల్లాలోనే పెట్టారు. అంటే మన పక్క జిల్లాలో కొన్ని ఊళ్లకు 4జీ వచ్చి ఎన్నో ఏళ్లు కాలేదు. హైదరాబాద్‌లో స్టూడియోలో తీసిన వీడియో పాఠం ఈ విషయం తెలుసుకుని తీసింది కాదు.

రెండో నెట్ కారణం ఎక్కువమంది గమనించనిది. రోజుకు ఒకటిన్నర జీబీ, రెండు జీబీ అని రీఛార్జ్ చేయిస్తాం. ఆ కోటా అయిపోయాక నెట్ పూర్తిగా ఆగిపోదు. చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. అక్కడే చిక్కంతా. వాట్సాప్‌లో మాటలు వస్తాయి, పోతాయి. దాంతో “నెట్ ఉంది కదా, మరి వీడియో ఎందుకు రాదు?” అని పిల్లల మీద అనుమానం. 64 కేబీపీఎస్ అంటే సెకనుకు ఎనిమిది కిలోబైట్లు. పది ఎంబీల చిన్న క్లిప్ రావడానికి ఇరవై నిమిషాలు దాటుతుంది. యూట్యూబ్‌లో అన్నిటికన్నా తక్కువ నాణ్యత 144పీ. అది ఆగకుండా ఆడాలన్నా అంతకన్నా ఎక్కువ వేగమే కావాలి. కాబట్టి మెసేజ్‌లు వస్తూ వీడియో మాత్రం రాకపోతే ముందు ఆరోజు డేటా ఎంత మిగిలిందో చూడండి. చాలా ఇళ్లలో మధ్యాహ్నానికే అన్నయ్య రీల్స్, నానమ్మ భక్తి చానళ్లు కలిసి కోటా ఊడ్చేసి ఉంటాయి. తిట్లు మాత్రం సాయంత్రం హోమ్‌వర్క్‌కి కూర్చున్న చిన్నదానికి పడతాయి. కోటా మామూలుగా అర్ధరాత్రి దాటాక మళ్లీ మొదలవుతుంది. తెల్లవారుజాము మంచిదని నేననడానికి ఇది రెండో కారణం.

డేటా లెక్క కూడా ఒకసారి తెలుసుకుంటే మంచిది. ఒక గంట వీడియోని 1080పీలో చూస్తే ఒకటిన్నర నుంచి రెండు జీబీ దాకా, 720పీలో ఒక జీబీ దాకా, 360పీలో సుమారు 250–300 ఎంబీ ఖర్చవుతాయి. బోర్డు మీద రాసిన లెక్కలు చదవాలంటే 360పీ చాలు. వీడియో మీద పైన లేదా కింద ఉండే చక్రం గుర్తు నొక్కితే క్వాలిటీ అని వస్తుంది. అందులో ‘ఆటో’ అని వదిలేయకుండా 360 పెట్టండి, అవసరమైతే 240 పెట్టండి. నా సబ్జెక్ట్ ఇంగ్లిష్‌కైతే 144 పెట్టినా నాకు అభ్యంతరం లేదు. పిల్లలకు కావాల్సింది నా మాట వినపడటం, నా చీర రంగు కాదు.

ఇక ఫోన్. ఇక్కడే ఎక్కువ డబ్బు వృథా అవుతోంది. వీడియో ఆగుతోందని పాత ఫోన్ పక్కన పడేసి కొత్తది ఈఎంఐ మీద తెచ్చినవాళ్లు ఉన్నారు. తెచ్చిన వారానికి అదే వీడియో అదే చోట ఆగింది, ఎందుకంటే సిమ్ అదే, టవర్ అదే. కొత్త ఫోన్ కొనేముందు అదే వీడియోని అదే చోట కూర్చుని పక్కింటివాళ్ల ఫోన్‌లో, వేరే కంపెనీ సిమ్ మీద ఒకసారి ఆడించి చూడండి. అక్కడ బాగా ఆడితే మీ మొబైల్ డేటా కాసేపు ఆపి వాళ్ల హాట్‌స్పాట్ మీద మీ ఫోన్‌లో కూడా ఆడించండి. ఇప్పుడు మీ ఫోన్‌లోనూ ఆడితే మీ ఫోన్‌కి ఏ జబ్బూ లేనట్టే. పది నిమిషాల పని, పది వేల రూపాయలు మిగులుతాయి.

ఫోన్‌లోనే నిజంగా సమస్య ఉంటే చాలావరకు మెమరీ నిండిపోవడమే అయి ఉంటుంది. తెచ్చిన వీడియో ముక్కల్ని పెట్టుకోవడానికి ఫోన్‌కి కొంచెం ఖాళీ కావాలి. ఫ్యామిలీ గ్రూపుల్లో వచ్చే గుడ్‌మార్నింగ్ బొమ్మలు, పండగ వీడియోలు అన్నీ ఆ ఖాళీలోనే కూర్చుని ఉంటాయి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’ లోపల ‘మేనేజ్ స్టోరేజ్’ అని ఉంటుంది. ఏ గ్రూపు ఎంత తింటోందో అక్కడ వరసగా కనిపిస్తుంది. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మీరే చూసి తీసేయండి, వాళ్లకొదిలేస్తే మీ పెళ్లి ఫొటోలు కూడా పోతాయి. తర్వాత ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేయండి. వినడానికి వేళాకోళంలా ఉంటుంది గాని, వెనకాల తెరిచి వదిలేసిన ఇరవై యాప్‌లు ఒక్కసారిగా మూతపడతాయి. యూట్యూబ్, మన స్కూలు యాప్ రెండూ అప్‌డేట్ అయ్యాయో లేదో ప్లేస్టోర్‌లో చూడండి.

కొన్ని విచిత్రమైనవి కూడా ఉంటాయి. చార్జింగ్ పూర్తిగా దిగిపోయి రెండు రోజులు పక్కన పడి ఉన్న పాత ఫోన్ ఆన్ చేస్తే తేదీ ఎప్పటిదో చూపిస్తుంది. తేదీ తప్పుగా ఉంటే ఆ ఫోన్ వీడియో సైట్లను నమ్మదు, కనెక్షన్ కుదరదు. సెట్టింగ్స్‌లో ‘ఆటోమేటిక్ డేట్ అండ్ టైమ్’ ఆన్ చేస్తే అదే సర్దుకుంటుంది. బొమ్మ వస్తుంది, మాట రాదు అంటే ఫోన్ పైన బ్లూటూత్ గుర్తు చూడండి. అక్క చెవిలోనో, బీరువాలోనో ఉన్న ఇయర్‌బడ్స్‌లో మీ పాఠం వినిపిస్తూ ఉండొచ్చు. పైన చిన్న తాళంచెవి గుర్తు కనిపిస్తే ఎవరో వీపీఎన్ వేశారన్నమాట. గేమ్‌ల కోసం పిల్లలు పెట్టే ఉచిత వీపీఎన్‌లు నెట్‌ని ఊరంతా తిప్పి తెస్తాయి, వీడియో నత్తనడక నడుస్తుంది. ఫోన్‌లో బాగా ఆడుతున్న పాఠాన్ని టీవీలోకి పంపితే మాట మాత్రమే వచ్చి తెర నల్లగా ఉందంటే అది చెడిపోవడం కాదు. కొన్ని యాప్‌లు తమ వీడియోలను ఎవరూ కాపీ చేయకుండా కావాలనే అలా ఆపుతాయి. దాన్ని ఫోన్‌లోనే చూడాలి.

మూడోది వంటిల్లు. ఇక్కడ మీరు చేయగలిగింది తక్కువ, మేం చేయాల్సింది ఎక్కువ. ఈ మాట స్కూలు పత్రికలో రాయడానికి నాకేం సంకోచం లేదు. టీచర్ డ్రైవ్‌లో వీడియో పెట్టి లింక్ పంపినప్పుడు దాన్ని అందరూ చూసేలా అనుమతి ఇవ్వకపోతే మీ ఫోన్‌లో ‘యు నీడ్ యాక్సెస్’ అని వస్తుంది. మీరు నాలుగు వందల రూపాయల రీఛార్జ్ చేయించినా అది మారదు. అప్పుడే ఎక్కించిన వీడియో అయితే ‘ప్రాసెసింగ్’ అంటుంది, కాసేపు ఆగి చూడాలి. యూట్యూబ్‌లో ‘ప్రైవేట్’ అని పెట్టేసిన వీడియో, పెట్టినవాళ్లు విడిగా అనుమతించినవాళ్లకు తప్ప ఎవరికీ రాదు. వీటిలో ఏ ఒక్కటీ పిల్లల చేతిలో లేదు.

ఇక్కడే ఇంగ్లిష్ టీచర్‌గా నా స్వార్థం కొంచెం ఉంది. వీడియో ఆగినప్పుడు తెర మీద వచ్చే ఆ ఇంగ్లిష్ వాక్యాన్ని పిల్లలచేత డైరీలో ఉన్నదున్నట్టు రాయించండి. కింద తెలుగులో దాని అర్థం రాయమనండి. ‘నో ఇంటర్నెట్ కనెక్షన్’, ‘వీడియో అన్‌అవైలబుల్’, ‘ఇన్‌సఫిషియంట్ స్టోరేజ్’, ‘యు నీడ్ యాక్సెస్’. ఇవి పాఠ్యపుస్తకంలో లేని ఇంగ్లిష్. కాని బ్యాంకులో, ఆస్పత్రిలో, రైల్వే టికెట్ దగ్గర రేపు వాళ్లకు ఎదురయ్యే ఇంగ్లిష్ ఇదే. మొదటిది వడ్డన సమస్య, రెండోదీ నాలుగోదీ వంటింటివి, మూడోది ఫోన్‌ది. వాక్యం అర్థమైతే ఎటు వెళ్లాలో అర్థమైనట్టే. ‘సమ్‌థింగ్ వెంట్ రాంగ్’ అని మాత్రం వస్తే అందులో అర్థం వెతక్కండి. ఏదో జరిగింది అనడం తప్ప అది ఏమీ చెప్పదు. పెద్ద కంపెనీలు కూడా ఇలా తప్పించుకుంటాయని పిల్లలకు చెప్పొచ్చు.

బీఈడీలో మాకు చెప్పిన మాట ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది. పిల్లవాడు జవాబు తప్పు రాసినప్పుడు ఎన్ని మార్కులు తగ్గాయన్నది కాకుండా ఏ మెట్టు దగ్గర తడబడ్డాడో చూడమన్నారు. వీడియోకీ అదే వర్తిస్తుంది. “ఎందుకు చూడలేదు?” అని అడిగితే పిల్లలు తలదించుకుంటారు. “ఎక్కడ ఆగింది, చూపించు” అని అడిగితే ఫోన్ తీసుకుని మీ పక్కకు వచ్చి కూర్చుంటారు. సాకు చెప్పినవాడు ఆ చోటు చూపించలేడు. వాడికి పాఠం మొదలుపెట్టడం తప్ప వేరే దారి ఉండదు, మీరు గొంతు పెంచాల్సిన పనీ ఉండదు.

ఒక జాగ్రత్త. వీడియో రాకపోతే గూగుల్‌లో వెతుకుతాం. ‘మీ ప్లేయర్ పాతబడింది, ఇది ఇన్‌స్టాల్ చేయండి’ అని తెర మీద పెద్ద బటన్ ఒకటి ఎగిరొస్తుంది. పిల్లలు దాన్ని నొక్కేస్తారు. ప్లేస్టోర్ బయటనుంచి ఏదీ వేయనివ్వకండి. ఎవరో ఫోన్ చేసి “యాప్ బాగు చేస్తాం, మీ స్క్రీన్ మాకు చూపించండి” అంటే ఆ ఫోన్ పెట్టేయండి. మీ బ్యాంకు, ఫోన్‌పే అన్నీ అదే ఫోన్‌లో ఉన్నాయి. అప్పటికే ఏదైనా డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, అది సైబర్ మోసాలకు ప్రభుత్వ హెల్ప్‌లైన్.

వీడియో పాఠాలు మన మీద ఎలా వచ్చి పడ్డాయో మీకు గుర్తుండే ఉంటుంది. 2020 మార్చిలో స్కూళ్లు మూతపడ్డాయి. ఆ రోజుల్లో పాఠశాల విద్యాశాఖ పిల్లల్ని హైటెక్, లోటెక్, నోటెక్ అని మూడు రకాలుగా విడదీసి పని చేసింది. నెట్ ఉన్నవాళ్లు, టీవీ లేదా రేడియో మాత్రమే ఉన్నవాళ్లు, ఏదీ లేనివాళ్లు. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. ఆ విభజనలో నాకు నచ్చింది ఒక్కటే, ఏమీ లేని పిల్లవాడు కూడా ఉన్నాడని ఒప్పుకోవడం. కోవిడ్ పోయింది, వీడియోలు ఉండిపోయాయి, ఆ ఒప్పుకోలు మాత్రం పోయింది. ఇప్పుడు ప్రతి ఇల్లూ హైటెక్ అన్నట్టే హోమ్‌వర్క్ వస్తోంది. ఫీజు కట్టగలిగిన ఇంట్లో నెట్ ఉండదా అని అడుగుతారు కొందరు. ఫీజు కట్టాక ఇంట్లో మిగిలేది ఒక ఫోనే. అది నాన్నతోపాటు పొలానికో, షాపుకో వెళ్లి రాత్రి ఎనిమిదింటికి ఇంటికొస్తుంది. అంటే సరిగ్గా బస్సు కిక్కిరిసే వేళకి.

వీడియోలే వద్దని నేననను. గుండె ఎలా కొట్టుకుంటుందో బోర్డు మీద నేను గీసే బొమ్మకంటే వీడియో నూరు రెట్లు బాగా చెబుతుంది. కాని వీడియోతోనే అయ్యే పనీ, అది లేకపోయినా అయ్యే పనీ వేరు చేసుకోవాలి. కృష్ణదేవిపేట పిల్లలకు అల్లూరి సీతారామరాజు మీద పది నిమిషాల వీడియో హోమ్‌వర్క్‌గా ఇచ్చారనుకోండి. అది గుండ్రంగా తిరుగుతూ ఉంటే సెల్ పట్టుకుని మేడెక్కి సిగ్నల్ వెతకడం ఎందుకు? 1922 ఆగస్టు 23న ఆయన మనుషులతో వచ్చి ఆయుధాలు పట్టుకెళ్లింది ఇదే ఊరి పోలీస్ స్టేషన్ నుంచి. ముందురోజు చింతపల్లి, మర్నాడు రాజవొమ్మంగి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర కాల్చి చంపాక ఆయన శరీరాన్ని తెచ్చింది కూడా ఇక్కడికే. సమాధి ఊళ్లోనే ఉంది. సాయంత్రం తాతగారి చెయ్యి పట్టుకుని అక్కడికి నడిచి వెళ్లి, రాసి ఉన్నది చదువుకుని వచ్చిన పాపకి యాప్‌లో సున్నా శాతం పడుతుంది. ఇంట్లో ఎవరూ చూడకుండా వీడియో ఆడించి వదిలేసిన పిల్లవాడికి నూరు శాతం పడుతుంది. అవును, అలా వదిలేసేవాళ్లూ ఉన్నారు. పిల్లలు యాప్ లెక్క మనకంటే ముందే కనిపెట్టేశారు.

ఇంట్లో చేయదగ్గవి ఇంకొన్ని. నెట్ బాగున్న వేళ చూసి వీడియోని డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. యూట్యూబ్‌లో చాలా వీడియోలకు మన దేశంలో డబ్బు కట్టకుండానే డౌన్‌లోడ్ బటన్ ఉంటుంది, 2014 చివర్లోనే ఈ సౌకర్యం మనకిచ్చారు. నెట్ లేకుండా రెండు రోజులదాకా చూడొచ్చు, తర్వాత ఒకసారి నెట్ తగిలించాలి. “డౌన్‌లోడ్ నొక్కాను గాని మొదలవట్లేదు” అంటే యూట్యూబ్ సెట్టింగ్స్‌లో ‘వైఫై ఉంటేనే డౌన్‌లోడ్ చేయి’ అన్నది ఆన్‌లో ఉందేమో చూడండి. వైఫై లేని ఇంట్లో అది ఎప్పటికీ ఎదురుచూస్తూనే ఉంటుంది. 2017లో మొదలైన దీక్ష యాప్‌లోని ప్రభుత్వ పాఠాలను కూడా ఇలాగే దింపుకోవచ్చు. పక్కింటి ప్రభుత్వ బడి పిల్లల పుస్తకాల్లో కనిపించే క్యూఆర్ కోడ్‌లు తెరిచేది ఆ పాఠాలనే. మనవాళ్లు వాటిని వాడుకుంటే తప్పేం లేదు, పాఠం ఎవరిదైనా పాఠమే. ఇంట్లో డీడీ ఫ్రీ డిష్ ఉంటే పీఎం ఈ-విద్య చానళ్లు వస్తాయి. వాటికి బఫరింగ్ బాధ లేదు, వాన గట్టిగా పడితే తప్ప.

స్కూలు వైపు నుంచి ఏం జరగాలన్నది కూడా చెప్పాలి, లేకపోతే ఈ ఉత్తరం ఒక చేత్తో చప్పట్లు కొట్టినట్టుంటుంది. ప్రతి వీడియో లింక్ కింద టెక్స్ట్‌బుక్ పేజీ నంబరు ఉండాలని నా కోరిక. వీడియో రాని ఇంట్లో పుస్తకం తెరుచుకుంటుంది. అది ఎన్ని నిమిషాలో, ఎన్ని ఎంబీలో కూడా రాయాలి. నలభై నిమిషాల పాఠాన్ని ఐదారు నిమిషాల ముక్కలుగా చేస్తే ఒకటి ఆగినా మిగతావి దక్కుతాయి. ఇంగ్లిష్ ఉచ్చారణ, పద్యం, కథ లాంటి వాటికి వీడియో బదులు వాట్సాప్ వాయిస్ మెసేజ్ చాలు. ఐదు నిమిషాల మాట ఒకటి రెండు ఎంబీల్లో సరిపోతుంది, కోటా అయిపోయిన ఫోన్‌లో కూడా కాసేపటికి దిగుతుంది. ప్రోగ్రెస్ కార్డు మీద ‘వీడియో శాతం’ ఉండకూడదు. టీచర్‌కి తెలిస్తే చాలు, అదీ ఎందుకు ఆగిందో అడగడానికి మాత్రమే. పేరెంట్స్ మీటింగ్‌కి మీరెలాగూ ఫోన్‌తోనే వస్తారు. ఆరోజు స్కూలు వైఫై మీద ఆ నెల పాఠాలన్నీ మీ ఫోన్‌లోకి దింపి పంపించే ఏర్పాటు ఉంటే కొండ వారన ఉన్న ఇళ్లకు సగం తలనొప్పి తగ్గుతుంది. దీనికి పెద్ద ఖర్చేం లేదు, కంప్యూటర్ ల్యాబ్‌లో ఒక టేబుల్, ఒక మనిషి చాలు. మా బ్రాంచి స్టాఫ్ మీటింగ్‌లో నేను ఇది అడిగాను. మీరు కూడా అడిగితే ఇంకా త్వరగా జరుగుతుంది. మీటింగ్‌లో ఉండే సలహాల పుస్తకం మార్కుల గురించి రాయడానికే కాదు.

అంతవరకు ఒక చిన్న సాయం చేయండి. ఈసారి వీడియో ఆగితే డైరీలో నాలుగు ముక్కలు రాయించండి. ఏ పాఠం, ఎన్ని గంటలకు, ఏ కంపెనీ సిమ్, తెర మీద ఏం కనిపించింది. కింద మీ సంతకం. అది ఉంటే నా క్లాసులో ఆ పిల్లవాడిని వీడియో ఎందుకు చూడలేదని అడగను. మధ్యాహ్నం లంచ్ బెల్ తర్వాత నా దగ్గరకు రమ్మంటాను, ఆ పాఠం పది నిమిషాల్లో చెప్పి పంపిస్తాను.